నలభై రెండో ఉపసమితి

శశిపురంలో జనం పొద్దున్నే లేవగానే చూసేది గోడమీది గాలిమాపకాన్ని. ముల్లు ఆకుపచ్చ గీతల మధ్య ఉంటే కాఫీ పెట్టుకుంటారు. చంద్రుడి మీద తొమ్మిది గాజు గుమ్మటాల కింద కట్టిన ఊరది. అక్కడి గాలిని కనిపెట్టుకుని ఉండేందుకు గాలి పర్యవేక్షక మండలి ఉంది. మండలికి సమితులు, సమితులకు ఉపసమితులు. వాటిని ఏర్పరిచేది మాత్రం మనుషులు కాదు, సమితికర్త అనే యంత్రం.

దాన్ని తయారుచేసిన ఇంజనీరు మాండవి. పూర్వం సమితుల్లో బావమరుదులూ వియ్యంకులూ వరసగా కూర్చునేవారు. సమితికర్త ఊళ్ళోని ఆరువేల మంది చుట్టరికాలనూ స్నేహాలనూ బంధపటంగా గీసుకుని, విచారించే విషయంతో ఏ సంబంధమూ లేని ఏడుగురిని క్షణంలో ఏరి కూర్చోబెడుతుంది. అబ్బో, ఎంత గొప్పగా పనిచేసిందంటే, పన్నెండేళ్ళలో ఒక్కరు కూడా పక్షపాతం అని నోరెత్తలేదు. మాండవికి పతకం కూడా ఇచ్చారు.

ఆ మంగళవారం ఉదయం, గాలి బయటికి పోకుండా గుమ్మటాల అతుకులను మూసే సీళ్ళ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌వలీ ఆమె గదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఐదో గుమ్మటం సీలు ఇంక పదిరోజులు కూడా ఆగదు. నెల కిందటే రాసిచ్చినా. నాలుగొందల మందిమి ఉండాం ఆడ. ఖాళీ చెయ్యమని ఒక్క కాగితం ఇప్పించండి."

మాండవి చెల్లెలు కుముదిని ఇద్దరు పిల్లలతో ఉండేది ఐదో గుమ్మటంలోనే. అందుకే ఆ ఫైలు ఇన్నాళ్ళూ ఆమె బల్లమీదికి రాలేదు. ఆ నియమం పెట్టింది తనే మరి.

ఫైలు తెరిపించింది. నలభై ఒక్క ఉపసమితులు! ప్రతిదాని చివరా ఏడు పొట్టి సంతకాలు, పక్కన ఒకటే మాట: "చూశాను." మండలిలో అదొక అలవాటు. అవునని రాస్తే రేపు మెడకు చుట్టుకుంటుంది, కాదని రాసినా అంతే. చూశానంటే ఎవరేం చేస్తారు? చూసినవాళ్ళందరూ మరో ఉపసమితి కావాలని అడిగి చేతులు దులుపుకున్నారు.

"ఇన్ని ఎందుకు వేశావు?" అని యంత్రాన్ని కసిరింది.

"వాళ్ళు అడిగారు, వేశాను. ఖాళీ చేయించే అధికారం మొదటిదానితో సహా ప్రతి ఉపసమితికీ ఉంది. ఉత్తర్వు గడిలో ఒక్కరి పూర్తి సంతకం చాలు."

"మరి ఏ ఒక్కరూ ఎందుకు పెట్టలేదు?"

"ఏ సంబంధమూ లేనివాళ్ళను ఏరమన్నారు. వాళ్ళకు ఏ సంబంధమూ లేదు," అంది సమితికర్త. "అత్యవసర నియమం కింద మిమ్మల్ని ఏకసభ్య సమితిగా వేయగలను. వేయమంటారా?"

"వెయ్యి," అంది మాండవి. మస్తాన్‌వలీ ముఖం విప్పారింది.

సంతకం గడి వెలిగింది. ఆమె వేలు దాని దాకా వెళ్ళి ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట ధర్మలింగం అనే అధికారి ఇలాగే సంతకం పెట్టి మూడో గుమ్మటం ఖాళీ చేయించాడు. తీరా చూస్తే సీలు నిక్షేపంగా ఉంది. తొక్కిసలాటలో ముగ్గురు పోయారు. ఆయనిప్పుడు నాచు తొట్లు కడుగుతున్నాడు, పిల్లలు కూడా సంతకం తాతా అని వెక్కిరిస్తారు. ఈ సీలు కూడా ఆగితే? చెల్లెలి కోసం నాలుగొందల మందిని రోడ్డున పడేసిందంటారు.

"సాంకేతికాభిప్రాయం ఒక్కసారి తీసుకుందాం వలీగారూ. రెండురోజులేగా."

"సాంకేతికమంటే నేను చెప్పిందే గదా మేడమ్!"

ఆమె వెలుగుతున్న గడిని ఆపేసింది. అతను వెళ్ళిపోయాడు. మాండవి నలభై రెండో ఉపసమితి వేయమని యంత్రానికి చెప్పి, వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చెయ్యవే. బట్టలన్నీ తెచ్చుకో."

"ఏంటక్కా, ఏమైంది?"

"ఏమీ కాలేదు. చూడాలనిపించింది, అంతే. ఎవరితోనూ అనకు."

ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు పిల్లలిద్దరూ గుమ్మంలో కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళకు అన్నం పెడుతుండగా సమితికర్త ఫోన్‌లో పిలిచింది.

"ఈ ఫైలు సంగతి తెలిశాక మండలి ఉద్యోగుల్లో తమవాళ్ళను ఇలా ఫోన్ చేసి రప్పించుకున్నవాళ్ళలో మీరు ముప్పై ఆరోవారు. ఐదో గుమ్మటంలో ఇంకా మూడువందల పదిమంది ఉన్నారు. వాళ్ళలో మీవాళ్ళెవరూ లేరు. కాబట్టి నలభై రెండో ఉపసమితికి మీరు అర్హులు. రేపు పదిగంటలకు సమావేశం."

సమావేశంలో మస్తాన్‌వలీ గోడపక్కన నిలబడి ఉన్నాడు. సీలు పగులు మరో జానెడు సాగిందని చెప్పాడు. ఫైలు చేతులు మారుతుండగా మాండవి అతనివైపు వంగి, "మీరైనా బయటికి వచ్చెయ్యండి," అని గుసగుసలాడింది.

"మా వీధి వీధంతా ఆడే ఉంది మేడమ్. నేనొక్కణ్ణి యాడికొస్తా?"

ఆరుగురి సంతకాలు అయ్యాక ఫైలు ఆమె ముందుకొచ్చింది. ఉత్తర్వు గడి ఇంకా ఖాళీగానే ఉంది. మస్తాన్‌వలీ ఆమె చేతినే చూస్తున్నాడు. ఆమె పొట్టి సంతకం పెట్టి, పక్కన "చూశాను" అని రాసి, ఫైలు మూసింది.

గోడమీద ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. కాఫీలు వచ్చాయి.