మూసిన స్టూడియోలో సబ్బుపెట్టె కెమెరా

బట్టల కొట్టు పైన మూతపడ్డ ఫొటో స్టూడియో గది ఒకటుంది. ఎనిమిదేళ్లలో ముగ్గురు అద్దెకు దిగారు. ముగ్గురూ నెల తిరక్కుండానే తాళంచెవి ఇచ్చేసి పోయారు. "ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు ఉంటుందండీ..." ముగ్గురిదీ అదే మాట. ఒకడు దర్జీ, ఒకడు ట్యూషన్లు చెప్పేవాడు, ఒకడు గడియారాలు బాగుచేసేవాడు. వీళ్ల పని నిలబడి చూసేంత తీరిక ఎవరికుంటుంది? నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మేవాళ్లని అసలే నమ్మను.

ఇది మా బావ చెప్పిన సంగతి. మా బావ ఫొటోగ్రాఫరు — అంటే, ఆయన అలా అనుకుంటాడు. ఆయన తీసిన ఫొటోల్లో గోడలన్నీ ఒకవైపుకి ఒరుగుతాయి.

ఆ స్టూడియో ఆయన గురువుగారిదే. ముసలాయనకి ఒక పట్టింపు ఉండేది. శిష్యుడు ఎవడైనా సరే, ఆయన వచ్చి కెమెరాకి కన్ను ఆనించి, వంకర సర్ది, "ఊఁ, నొక్కు" అనేదాకా బటన్ ముట్టుకోకూడదు. మా బావని ఏడాదిన్నర భరించాడు. "నీ కంటికి తూకం లేదురా" అని పంపేశాడు. కొన్నాళ్లకి ఆ గదిలోనే పోయాడు.

ఇప్పుడేమో బావ ఫొటోల కొట్టున్న బిల్డింగు కూల్చేస్తున్నారు. ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యాలి. ఆయన తాహతుకి దొరికింది ఆ గదొక్కటే. అదీ కుదరకపోతే కెమెరాలు అటకెక్కాల్సిందే. మా అక్క మాత్రం మొండికేసింది. "రాత్రిపూట అక్కడ ఫొటోలు తీసి చూపించండి. ఏమీ లేదంటేనే సరే."

వెళ్లాడు. పాత కెమెరాతో కాదు, అప్పుడే కొన్న మిర్రర్‌లెస్‌తో. దాన్ని నాకూ చూపించాడు. సబ్బుపెట్టెంత ఉంది. లోపల అద్దం లేదట, అందుకే అంత చిన్నదట. నొక్కితే చప్పుడే లేదు, ఫొటో పడిందో లేదో నొక్కినవాడికే తెలీదు. ఒక బటన్ నొక్కబోతే నా వేలికింద మూడు నలిగాయి. వెనక ఒక తెర, దాని పైన గోరంత కిటికీ. "తెరలో చూడొచ్చు, కావాలంటే కన్ను పెట్టీ చూడొచ్చు" అన్నాడు గొప్పగా. ఆడలేక మద్దెల ఓడన్నవాడు కొత్త మద్దెల కొనుక్కున్నట్టుంది.

రాత్రి తొమ్మిదింటికి గది మధ్యలో స్టాండు మీద దాన్ని నిలబెట్టాడు. అయిదు నిమిషాలకోసారి దానంతటదే ఫొటో తీసేలా పెట్టి, తను గడియారం చూసుకుంటూ పది అడుగుల దూరంలో గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పక్కన కూర్చునే ధైర్యం లేదులెండి.

మొదటి ఫొటో పడింది. గదిలో ఒక్క బల్బు. కెమెరా వెనక తెర వెలుగుతోంది... వెలుగుతోంది...

ఆరిపోయింది.

రెండు మూడు సెకన్లు. మళ్లీ వెలిగింది. ఆ వెంటనే రెండో ఫొటో పడింది.

చవక సరుకు అనుకున్నాడట. అయిదు నిమిషాలు గడిచాయి. ఫొటోకి సరిగ్గా ముందు — మళ్లీ ఆరింది. వెలిగింది. ప్రతిసారీ అంతే. ఎనిమిదో ఫొటో పడగానే స్టాండుతో సహా చంకన పెట్టుకుని మెట్లు దిగేశాడు. భయం కాదట, ఒళ్లు మండిందట. మరి చొక్కా ఎందుకు తడిసిందని నేను అడగలేదు.

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కెమెరాల షాపుకెళ్లాడు. "తెర ఊరికే ఆరిపోతోంది. ఇది మీరే ఉంచుకోండి."

షాపతను తిప్పి చూసి నవ్వాడు. "చెడిపోలేదండీ. ఆ కిటికీకి కన్ను పెడితే తెర ఆరిపోతుంది. కన్ను తీస్తే వెలుగుతుంది. ఇదిగో."

కన్ను పెట్టాడు. ఆరింది. తీశాడు. వెలిగింది.

"మరి... దగ్గర ఎవరూ లేకపోతే?" అడిగాడు మా బావ.

"ఆరాలంటే ఎవరో ఒకరు ఉండాలండీ."

అప్పటిదాకా ఆ ఫొటోలు ఎవరమూ చూడలేదు. ఇంటికొచ్చి మా అక్క ముందు పెట్టాం. ఎనిమిదింటిలోనూ ఖాళీ గదే. మొదటిదాంట్లో గోడ ఎప్పటిలాగే ఒరిగింది. రెండోదాంట్లో సగం సర్దుకుంది. మూడోదాని నుంచి గోడలు, కిటికీ, తలుపు — అన్నీ తిన్నగా ఉన్నాయి. మా బావ జన్మలో అలా తియ్యలేడు.

నాకు నవ్వు రాలేదు.

మా అక్క ఎనిమిదీ మళ్లీ మొదటినుంచి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"గది తీసుకోండి. ఈసారైనా మీ గురువుగారు చూశాకే నొక్కండి."