సొంత బావి మోటారు

తెల్లారి కాఫీ తాగేసరికే రామసామి పని చేసుకునే రేకుల షెడ్డు, ఇంటి పక్కనున్న కొట్టాయి ముందు రెండు మోటార్లు దిగి ఉన్నాయి. ఒకటి కారిమంగళం నుంచి ఎద్దుల బండిలో వచ్చింది. రెండోదాన్ని అదియమాన్‌కోట్టై రైతు ఒకడు సైకిలుకు కట్టుకుని తోసుకుంటూ తెచ్చాడు. ఆ ఏడు వానలు లేవు. కరెంటు వచ్చేదే కాసేపు, వచ్చినా వోల్టేజీ ఉండదు. బావుల్లో మోటార్లు మూలిగి మూలిగి కాలిపోతున్నాయి. కాలిన మోటారుకు కొత్తగా రాగితీగ చుట్టి మళ్ళీ తిప్పించాలంటే ధర్మపురిలో రామసామి మేస్త్రీ దగ్గరికే పోవాలని చుట్టుపక్కల పేరు.

ఆ ఎండాకాలమే కొట్టాయిలోకి కొత్తగా నలుగురు పిల్లలు వచ్చారు. పల్లెల్లో చదువు ఆగిపోయినవాళ్ళకు చేతిపని నేర్పించమని సర్కారువాళ్ళు మేస్త్రీలకు అప్పగించే పథకం ఒకటుంది. వాళ్ళను తీసుకోమని తండ్రిని ఒప్పించింది రామసామి ఒక్కగానొక్క కూతురు పంచవర్ణం. ఆమె సేలంలో ఎలక్ట్రికల్ పని చదివి, దాన్ని ఇంకొకరికి ఎలా నేర్పాలో కూడా నేర్చుకుని వచ్చింది.

పంచవర్ణం తండ్రికి కాఫీ తీసుకుని కొట్టాయిలోకి వెళ్ళేసరికి ఆ పిల్లల్లో వడివేలు నేల ఊడుస్తున్నాడు. మారియాయి టీ గ్లాసులు కడుగుతోంది. మిగతా ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. రామసామి వాళ్ళకు వీపు పెట్టి కూర్చుని, చెక్క అచ్చు మీద రాగితీగను కాయిలుగా చుడుతూ పెదవులు కదలకుండా లెక్క పెట్టుకుంటున్నాడు.

"నాయనా, వీళ్ళు వచ్చి నెల దాటింది. ఇంకా తీగ ముట్టనీలేదే?"

"చూస్తా ఉంటే వస్తుంది. నేను అట్లనే నేర్చుకున్నా."

"నువ్వు ఆ పక్క తిరిగి కూచుంటే ఏమి చూస్తారు?"

రామసామి ఇంకో చుట్టు తిప్పాడు. అప్పుడే మారియాయి గ్లాసులు పక్కన పెట్టి, ధైర్యం తెచ్చుకుని ముందుకు వచ్చింది. "అయ్యా, ఒక్కో కాయిలుకు ఎన్ని చుట్లు?"

లెక్క చెడింది. రామసామి అచ్చును నేలకేసి కొట్టాడు. "గ్లాసు కడిగేది చేతకాలేదు, నీకు లెక్క కావాల్నా? పో అవతలికి."

గోడ దగ్గరున్న ఇద్దరూ కిసుక్కుమన్నారు. మారియాయి తల వంచుకుని వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. ఆ పై రోజు కూడా రాలేదు.

పంచవర్ణం బస్సెక్కి మారియాయి ఊరు అదియమాన్‌కోట్టై వెళ్ళింది. మారియాయి తలకు గుడ్డ చుట్టుకుని, రోడ్డు పనిలో కంకర మోస్తోంది. పంచవర్ణాన్ని చూసి తట్ట దించింది.

"అడిగితే తిట్లు, అడగకుంటే తెలియదు. ఆడ నిలబడేదానికంటే ఇది మేలు కదక్కా. సాయంత్రానికి కూలన్నా వస్తుంది."

"నిజమే. నిన్ను తప్పు పట్టేదానికి రాలేదు నేను. సోమవారం ఒక్క రోజు రా. ఆ పొద్దు నీ చేతికి తీగ ఇయ్యకపోతే నేనే నిన్ను బస్సెక్కించి పంపిస్తా."

ఆ మాట ఇచ్చేసి ఇంటికి వచ్చిందే గానీ, కొట్టాయి తనది కాదని పంచవర్ణానికి తెలుసు. మధ్యాహ్నం తండ్రి సంగటి ముందు కూర్చోగానే ఎదురుగా కూర్చుంది. తల్లి గౌరమ్మ పులుసు పోస్తోంది.

"నాయనా, సోమవారం నుంచి పిల్లలకు నేను నేర్పిస్తా."

"నీకు హోసూరు కంపెనీలో రమ్మంటున్నారు. నీడలో కూచుని చేసే పని. దానికి పోకుండా ఈ మసిలో ఏముంది నీకు?"

"హోసూరుకు పోను. ఇక్కడ వాకిట్లో ఎన్ని మోటార్లు పడున్నాయో చూసినావా? నీ రెండు చేతులకు అన్నీ అవుతాయా?"

"అన్నీ చెప్పేస్తే రేపు ఎదురుగానే అంగడి పెడతారు."

"పెట్టనీ. రైతుకు నీళ్ళు వస్తాయి కదా."

రామసామి ముద్ద కంచంలో వదిలేశాడు. "మాటలు బాగానే ఉన్నాయి. నేర్చుకునే పిల్లోళ్ళు తప్పు చేస్తే మోటారు మళ్ళా కాలుతుంది. ఆ రైతు పైరు ఎండిపోతుంది. వాడొచ్చి నా వాకిట్లో నిలబడితే ఎవరు జవాబు చెప్పేది? నువ్వా, నీకు చదువు చెప్పిన సేలం సారువాళ్ళా?"

ఆ మాటలో న్యాయం ఉందని పంచవర్ణానికి తోచింది. చేతిలో మోటారు లేకుండా పని రాదు. పరాయివాడి పైరును పణంగా పెట్టి పని నేర్పే హక్కు ఎవరికీ లేదు.

గౌరమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది. "మన బావి మోటారు తీసుకోండి."

తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఆమెవైపు చూశారు. సొంత బావి మోటారు కూడా కాలిపోయి మూలన పడి ఉంది. ఊరివాళ్ళవి అయినాక చూస్తానని రామసామి దాన్ని పక్కన పెట్టాడు. గౌరమ్మ రోజూ పొద్దున్నే వీధి కొళాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసి వంగతోటను బతికించుకుంటోంది.

"చెడితే నా తోట ఎండుతుంది. ఒకరికి జవాబు చెప్పేది లేదు" అంది గౌరమ్మ. "నువ్వు మాత్రం ఆడికి పోయి వాళ్ళను కసరొద్దు." రామసామి సరేనన్నట్టు తల ఊపి, వదిలేసిన ముద్ద మళ్ళీ అందుకున్నాడు.

సోమవారానికి ముందు పంచవర్ణం కొట్టాయిలో ఒక మూల ఖాళీ చేసింది. పై రేకు ఒకటి తీయించి వెలుతురు పడేలా చేసింది. నలుగురూ చుట్టూ కూర్చుని ఒకరి చేతులు ఒకరు చూసుకునేలా తక్కువ ఎత్తు బల్ల వేసింది. మసి పట్టిన గోడమీద సుద్దముక్కతో కాయిళ్ళు ఒకదానితో ఒకటి కలిసే దారి పెద్దగా గీసింది. పిల్లలు రాగానే ముందు చెప్పింది ఒక్కటే.

"అడిగినవాళ్ళను చూసి ఎవరూ నవ్వకూడదు. తప్పు పోతే దాచకూడదు. ఈడ తప్పు పోయేదానికే ఈ మోటారు ఇచ్చినారు."

మారియాయి వచ్చింది. పాత కాయిలు విప్పి చుట్లు తనే లెక్కపెట్టింది. వడివేలు అచ్చు తిప్పాడు. మొన్న నవ్విన ఇద్దరూ తీగ ఇనుముకు తగలకుండా మోటారు లోపలి గాడుల్లో కాగితం పరిచారు. ఆ గాడుల్లోనే కాయిళ్ళు కూర్చోవాలి. పిల్లలు తీగ తెంపారు, మళ్ళీ చుట్టారు. అవతలి మూలలో రామసామి తన పని తాను చేసుకుంటున్నట్టే ఉన్నాడు గానీ, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

చుట్టడం పూర్తయిన రోజు పంచవర్ణం పరీక్ష బల్బు తగిలించింది. తీగ ఎక్కడైనా ఇనుమును తాకితే ఆ బల్బు వెలుగుతుంది. వెలిగింది. అందరూ రామసామి వైపే చూశారు. ఆయన లేచి వస్తున్నాడు. పంచవర్ణం బల్లకూ ఆయనకూ మధ్య నిలబడింది.

"నాది తప్పు" అంది మారియాయి, బల్లమీద చేతులు ఆనించి. "ఈ గాడిలో కాయిలు దూర్చేటప్పుడు కాగితం చినిగినట్టు అనిపించింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలే."

"ఎందుకు చెప్పలే?" రామసామి అడిగాడు.

మారియాయి కళ్ళెత్తి ఆయన్నే చూసింది. "అయ్యా, మీరు ఆడనే కూచోని ఉంటిరి. భయపడినా."

ఇంతకు ముందు రామసామి దగ్గర చేతి సాయానికి ఉండి పోయినవాళ్ళు ఎంతమంది ఇలా చినిగిన కాగితాన్ని చూసీ చూడనట్టు వదిలేశారో, ఈ కొట్టాయి నుంచి పోయిన వారానికే కాలి వచ్చిన మోటార్ల వెనక ఎవరి భయం ఉందో, ఆయన లోపల ఒక్కొక్కటే కదిలింది. పంచవర్ణం పక్కకు జరిగింది. ఆయన బల్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

వెదురు పుల్లతో కాయిలును మెల్లగా పైకి లేపాడు. కొత్త కాగితం కత్తిరించి మారియాయి చేతికిచ్చాడు. "అంచు ఇట్లా మడువు. ఇంకా కొంచెం. మడిచినదాన్ని గాడి బయట నిలబెడితే తీగ లాగినా చినగదు. ఇప్పుడు నువ్వు పెట్టు."

మారియాయి పెట్టింది. మొదటిసారి వంకర పోయింది. ఆయన కసరకుండా కాసేపు ఆగాడు. రెండోసారి సరిగ్గా కూర్చుంది.

"ఇది నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు రామసామి. "వేళ్ళు తెగి తెగి తెలుసుకున్నా. నీ వేళ్ళు తెగాల్సిన పనిలేదు."

వాకిట్లో నిలబడి వింటున్న గౌరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెళ్ళయిన కొత్తల్లో ఆ వేళ్ళకు పసుపు రాసి గుడ్డ కట్టింది ఆమే. పంచవర్ణం తండ్రి పక్కన కూర్చుని ఆయన భుజానికి తల ఆనించింది. పరీక్ష బల్బు ఈసారి వెలగలేదు.

వార్నిష్ ఆరాక మోటారును బావి దగ్గరికి మోసుకుపోయి దించారు. కరెంటు కోసం గట్టుమీద అందరూ కాచుకుని కూర్చున్నారు. అది రాగానే వడివేలు స్విచ్చి వేశాడు. పైపులోంచి ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత తేట నీళ్ళు వచ్చాయి. గౌరమ్మ కాలవ మడవ తీసి వంగచెట్ల మధ్యకు మళ్ళించింది.

మరునాడు పొద్దున బి. మల్లాపురం నుంచి మునియప్పన్ అనే రైతు తన మోటారు తెచ్చి దించాడు. రామసామి దాన్ని విప్పి చూసి, మారియాయి ముందుకు జరిపాడు.

మునియప్పన్ ముఖం ముడిచాడు. "మేస్త్రీ, మీ చేతి పని అని ఇంత దూరం వచ్చినా. ఈ పాపా చుట్టేది?"

"ఆమె పేరు మారియాయి. మా సొంత బావి మోటారు చుట్టింది ఆమే" అన్నాడు రామసామి. "తెలియంది ఏదైనా ఉంటే నన్ను అడుగుతుంది. పక్కనే ఉంటా."