కెమెరా పక్కన ఎవరు?

"నా పాఠాన్ని చంపేశారండీ!"

తలుపు తోసుకుని ఎడిటింగ్ గదిలోకి వచ్చేశాడు లెక్కల మాస్టారు. గంటసేపు చెప్పిన భిన్నాల పాఠం తెరమీద ఐదు నిమిషాలైపోయి ఉంది.

ఎడిటర్ అమ్మాయి హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చి, "చంపలేదు సార్, బతికించాను" అంది నిమ్మళంగా.

"నా ఉపోద్ఘాతమేదీ?"

"పోయింది."

"భిన్నాల చరిత్ర?"

"దాని వెనకే పోయింది."

ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే ఆ ఆఫీసులో అతనికి 'గంట మాస్టారు' అని పేరు పెట్టింది కూడా ఈ పిల్లే. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే కోపం రెట్టింపయింది.

ఆమె తెరమీద అతని పోయినవారం పాఠాన్ని ఎంతమంది చూశారో చెప్పే గ్రాఫ్ చూపించింది. పాఠం మొదలైన కాసేపటికే గీత జారుడుబల్లలా కిందికి దిగిపోయింది.

"పిల్లలు ఇలా వెళ్లిపోతున్నారు సార్. అసలు కిటుకు మీరు చివర్లో చెప్పారు. అక్కడిదాకా ఒక్కరూ రాలేదు. ఇలాగే ఉంటే మీ కోర్సు ఎత్తేస్తారట."

మాస్టారి మొహం వాడిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మనసు చివుక్కుమంది.

"సార్, నాకు భిన్నాలంటే ఇప్పటికీ దడే. సగానికి మూడోవంతు కలపడం ఎలాగో ఒక్కటి చెప్పండి. ఇంకేం వద్దు."

అతను రెండు కాగితాలు తీసుకుని, ఒకదాంట్లో సగం, రెండోదాంట్లో మూడోవంతు కత్తిరించాడు.

"రెండు ముక్కలూ ఒకే సైజా?"

"కాదు."

"సైజు కలవందే లెక్కపెట్టలేం కదా!" అంటూ సగాన్ని మూడు ముక్కలు, మూడోవంతును రెండు ముక్కలు చేశాడు. "ఇప్పుడు అన్నీ ఆరోవంతులే. ఎన్నున్నాయి?"

"ఐదు! ఆరింట ఐదు!" ఆమె ఎగిరి గంతేసింది. "ఇదే రికార్డ్ చేద్దాం, పదండి!"

కెమెరా లైటు వెలగగానే మాస్టారు బిగుసుకుపోయాడు. "భిన్నములనగా..."

"అయ్యో సార్! కెమెరాకి కాదు, నాకు చెప్పండి" అంటూ ఆమె కెమెరా పక్కన నిలబడింది.

చెప్పాడు. మర్నాడూ చెప్పాడు. పాఠానికి ఒక్క సంగతే. గ్రాఫ్ గీత కిందికి దిగడం మానేసింది. కోర్సు నిలబడింది. వాన పడితే పైకప్పు రేకుల చప్పుడుకి రికార్డింగ్ ఆపాల్సొచ్చేది. ఇద్దరూ కిటికీ దగ్గర కబుర్లలో పడేవాళ్లు. వాన వెలిస్తే ఇద్దరికీ కాస్త దిగులుగా ఉండేది.

ఒకరోజు ఆమె లాప్‌టాప్ పట్టుకుని సీరియస్‌గా వచ్చింది.

"సార్, ఒక కామెంటొచ్చింది. 'పాఠం బాగుంది బాబూ. కానీ కెమెరా పక్కన ఎవర్ని చూసి అలా మురిసిపోతున్నావు?' అని. ఏం రాయమంటారు?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే రాసేయండి."

"నిజం ఏంటో నాకేం తెలుసు?"

"మిమ్మల్నే. మొన్న మీరు సెలవు పెడితే నా నోట మాటే పెగల్లేదు. పాఠానికే కాదు... నాకు రోజూ మీరు ఎదురుగా ఉండాలి."

ఆమె తల దించుకుంది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.

"ఇదంతా నేను రాయలేను సార్. మీరే వచ్చి చెప్పుకోండి."

"ఎక్కడికి?"

"మా ఇంటికి. ఆ కామెంట్ పెట్టింది మా అమ్మ."