తెలియనివాళ్ళ టేబుల్

"మల్లేశ్, ఎనుకకు సూడకు. మా నాయిన వచ్చిండు."

అమూల్య ఆ మాట అనగానే నా చాప్‌స్టిక్స్ మధ్యనున్న డంప్లింగ్ జారి సాస్‌లో పడింది. చూడొద్దంటే చూడకుండా ఉండే రకం కాదు నేను. చూశాను.

తెల్ల చొక్కా, నెరిసిన మీసం, చేతిలో కొలతల టేపు. ఫోటోలో మాత్రమే చూసిన హన్మంత్ రెడ్డిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తాండూరులో ఆయనకి బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. 

"గీడికెందుకొచ్చిండు?" అన్నాను.

"నాకేం తెలుసు! మెల్లగ మాట్లాడు."

హైదరాబాద్‌లో ఇన్ని హోటళ్ళుండగా మేం ఈ చైనావాళ్ళ కాంటనీస్ హోటల్‌నే ఎంచుకున్నది భయంతోనే. కారం లేకుండా ఆవిరి మీద ఉడికించిన తిండి కోసం తాండూరు మనిషి ఎవడూ రాడని మా ధైర్యం. ఆదివారం రైల్లో ఆమె తాండూరులో ఎక్కేది, నేను వికారాబాద్‌లో ఎక్కేవాణ్ణి. రెండేళ్ళుగా ఒక పెట్టెలో కూర్చున్నది లేదు. అంత జాగ్రత్తపడ్డాం. ఒక్క నేల సంగతే మరిచిపోయాం.

పోయిన నెలే హోటల్లో నేల మార్చారు. నీలి బండలు. బాగున్నాయని మేమే మెచ్చుకున్నాం కూడా.

"అవి మీ నాయిన బండలా?"

"తాండూరు బండలని తెలుసు. మా నాయినవని ఎట్ల తెలుస్తది? మా ఊర్ల ఎన్ని యూనిట్లున్నయో నీకెరుకేనా?"

హన్మంత్ రెడ్డిగారు మనుషుల ముఖాలు చూడటం లేదు. తలవంచుకుని ఒక్కో బండ చూసుకుంటూ వస్తున్నారు. ఎక్కడో ఒక బండ పగిలిందని హోటల్ యజమానురాలు చెన్ ఆంటీ ఫోన్ చేసి పిలిచిందట. అదెక్కడుందో నాకు తెలుసు. సరిగ్గా మా టేబుల్ కిందే ఉంది.

అమూల్య టక్కున కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది. చెప్పులు కిందే ఉండిపోయాయి. ఎర్ర పట్టీల చెప్పులు. దసరాకి వాళ్ళ నాన్న కొనిచ్చినవే.

ఆయన వంగారు. టేపు పరిచారు. ఆగారు. మెల్లగా లేచి నిలబడ్డారు.

"అమూల్యా! నువ్వు ఆస్పత్రిల లేవా బిడ్డా? ఇయ్యాల డ్యూటీ అంటివి?"

"లంచ్ బ్రేక్ నాయినా." అంది అమూల్య.

ఆయన చూపు నా మీదికి తిరిగింది. "గీ పిల్లగాడెవరు?"

అమూల్య నన్ను చూసింది. నేను డంప్లింగ్‌ని చూశాను.

"నాకు తెల్వదు. గీడ గట్లనే కూసోవెడ్తరు నాయినా, ఎవరి పక్కన ఎవర్నయినా."

ఆ రెండో మాట అబద్ధం కాదు. ఆరుగురు పట్టే గుండ్రటి టేబుళ్ళలో ఏ కుర్చీ ఖాళీ ఉన్నా సరే, చెన్ ఆంటీ వచ్చినవాళ్ళని అక్కడ కూర్చోబెట్టేస్తుంది. వాళ్ళ పద్ధతే అంత. ఆ పద్ధతి మా ప్రాణాలు కాపాడింది. నాకు హాయిగా అనిపించింది. ఆ వెంటనే 'తెల్వదు' అన్న మాట గుండెల్లో గుచ్చుకుంది.

అంతలో చెన్ ఆంటీ వచ్చి, తిననిదే పంపేది లేదంటూ ఆయన్ని మా ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. చిన్న కప్పులో టీ పోసింది. రెండు వేళ్ళతో టేబుల్‌ని తట్టి చూపించింది. టీ పోసినవాళ్ళకి ఇలా థాంక్స్ చెప్తారట, మాట్లాడుతున్నవాళ్ళ మాట తెగకుండా.

"నోరుండంగ వేళ్ళతోని ఎందుకు?" అన్నారాయన. తట్టలేదు.

నోరు ఉన్నమాట నిజమే. ఆ నోరు మూసుకుంటుందనే అమూల్య భయం. అరగంట కిందటే మేం దాని గురించి మాట్లాడుకున్నాం. గురువారం జహీరాబాద్ నుంచి ఆమెకి పెళ్ళిచూపులకి వస్తున్నారు. ఆలోగా ఇంట్లో చెప్పాలి. చెప్పకపోతే మా సంగతి అంతటితో ముగిసినట్టే.

"కొడ్తడా?" అని అప్పుడు అడిగాను.

"కొట్టడు. మాట్లాడుడు బంద్ చేస్తడు. సహస్ర అక్క ఇష్టపడి పెండ్లి చేసుకొని మూడేండ్లాయె. ఆమె వికారాబాద్‌లనే ఉంటది. నాయిన వారానికి రెండు మాట్ల గా స్టేషన్ మీదికెల్లే పోతడు, దిగడు. ఇంట్ల ఆమె పేరు గూడ ఎత్తడు. నా పేరు గూడ గట్లనే పోతది మల్లేశ్."

ఇప్పుడు ఆ మనిషి మా మధ్యే కూర్చుని చేపముక్కని చేత్తో తింటున్నారు. బయట వాన మొదలైంది. వేరే రోజైతే మేం అద్దంలోంచి ఆ వాన చూస్తూ ఒకే గొడుగు కోసం తగువులాడుకునేవాళ్ళం.

చికెన్, పుట్టగొడుగులు వేసి వండిన అన్నం వచ్చింది. మధ్యలో తిరిగే అద్దం పళ్ళెం మీద గిన్నె అమూల్య ముందు ఆగింది. ఆమె వడ్డించుకుంది. నేను చేసిన పని నాకు తెలియకుండానే జరిగిపోయింది. ఆయన ముందునుంచి చెయ్యి చాచి, ఆమె ప్లేట్లోంచి పుట్టగొడుగులు ఒక్కొక్కటే ఏరి నా ప్లేట్లో వేసుకోవడం మొదలుపెట్టాను. ఆమెకి అవి పడవు. రెండేళ్ళుగా ఏరుతూనే ఉన్నాను.

నాలుగోది ఏరుతుండగా చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. ఆయన చూస్తున్నారు.

"తెల్వనోళ్ళ పల్లెంలకెల్లి పుట్టగొడుగులు ఏరుతవా పిల్లగా?"

 సారీ చెప్పి లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు పది అడుగుల దూరంలోనే ఉంది. అమూల్య ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ ముఖాన్ని వదిలేసి వెళ్ళలేకపోయాను.

"నాకు తెలుసు సార్. రెండేండ్ల సంది తెలుసు."

"ఎవరి కొడుకువు?"

"బంట్వారం. కుర్మ ఈరయ్య కొడుకును."

"గొర్లోళ్ళ ఈరయ్యనా?" ఆయన తినడం ఆపేశారు. "ఎండకాలం మా చేన్ల మంద పెట్టెటోడు. ఎరువుకని గొర్లను రాత్రంత చేన్లనే ఆపెటోడు. నేనిచ్చిన జొన్నరొట్టె తిని, గొంగడి కప్పుకొని ఆడనే పండెటోడు. మీ నాయిన నన్ను పటేలా అంటడు. నువ్వు సార్ అంటున్నవ్."

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. ఒక్క ముక్క కూడా. పక్క టేబుళ్ళలో స్పూన్ల చప్పుడు, పిల్లల అరుపులు. మా దగ్గర మాత్రం ఏమీ లేదు. అమూల్య మూడేళ్ళుగా భయపడ్డది ఈ నిశ్శబ్దానికేనని నాకు అప్పుడు అర్థమైంది. తిట్టినా బాగుండును అనిపించింది.

"నాయినా!" అమూల్య ఆయన వైపు తిరిగింది. "నేనే అబద్ధమాడిన. తెల్వదన్న. నీకు భయపడి అన్న. నువ్వు అక్క పేరు ఎత్తుడు మానేసినవు. అమ్మ వంటింట్ల చాటుగ అక్కతోని ఫోన్ల మాట్లాడ్తది, నీకెరుకేనా? రేపు నాతోని గూడ గట్లనే మాట్లాడాల్నా? తిట్టు, కొట్టు. మాట మాత్రం బంద్ చెయ్యకు నాయినా."

ఆయన కిటికీలోంచి వానని చూస్తూ కూర్చున్నారు.

 కెటిల్ కనబడితే అందుకున్నాను. ఆయన ఖాళీ కప్పులో టీ పోశాను. సగం టీ బల్ల మీద ఒలికింది. అక్కణ్ణుంచి కారి కింద పగిలిన బండ మీద పడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

టక్, టక్.

రెండు వేళ్ళు. బండల దుమ్ముకి గరుకెక్కిన వేళ్ళు. ఆయన నన్ను చూడలేదు. టేబుల్‌ని మాత్రం తట్టారు.

అమూల్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆయన ఆ సగం కప్పు టీ తాగి, మీసం తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"జహీరాబాదోళ్ళను రావొద్దని చెప్త. గురువారం మీ నాయినను ఇంటికి తోల్కరా. మాట్లాడేటివి మస్తున్నయి. నేను ఇంకా ఊ అనలే, సమజైందా?"

"అయింది సార్."

"సార్ అనకు." ఏమనాలో మాత్రం చెప్పలేదు. కూతురి వైపు తిరిగారు. 

"వాన పడ్తున్నది. మనం ఆరు గంటల బండికి పోదాం. వికారాబాద్‌ల దిగుతమని చెప్పు..." ఆగారు. "మన సహస్రకు చెప్పు. ఫోన్ కలుపు."

అమూల్య ఫోన్ తీసింది గానీ కళ్ళ నిండా నీళ్ళతో నెంబరు కనబడలేదు. నేనే అందుకుని కలిపి, ఆయన చేతికిచ్చాను.