బండి ఆగితే దిగొద్దు

బాబాయ్‌ని వంతెన మీద చంపేశారు.

ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు. రహస్య శాఖలో ఆయనంత కాలం స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్ ఇంకొకడు లేడు. ఆయన నడిపే పాత కారుకి తూటా దిగని రేకు, తూటాకి పగలని అద్దాలు. అయినా తూటా ఆయన గుండెలో దిగింది. కారణం ఒక్కటే. ఆయన బండి దిగాడు. ఇంజన్ ఆగిపోతే తలుపు తీసుకుని, బానెట్ ఎత్తడానికి ముందుకు నడిచాడు. గట్టు మీద దుర్భిణీ తుపాకీ ఆ నాలుగడుగుల కోసమే కాచుకుని ఉంది. సీట్లో ఉన్న కాయితాల సంచీ మాయమైంది.

"అసలు చిక్కు అది కాదు," అన్నాడు పెద్దాయన. శాఖ చీఫ్‌ని అలాగే పిలుస్తారు. "మనవాళ్ళు వెళ్ళి తాళం తిప్పితే బండి ఠక్కున స్టార్టయింది. గ్యారేజీలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు."

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ ఏమీ అనలేదు. అతని కోడ్ పేరు గొళ్ళెం. నోటికి వేసుకున్న గొళ్ళెం తీయడని ఆ పేరు.

"రేపు మధ్యాహ్నం అదే బండి, అదే వంతెన. విదేశీ ముఠా గుమాస్తా ఒకడు మన వైపు వచ్చేశాడు. వాళ్ళ కోడ్ మొత్తం వాడి తలకాయలో ఉంది. రేవుకి చేర్చాలి. అవతలి ఒడ్డున మన జీపు కాచుకుని ఉంటుంది. అవతలి ఒడ్డుకి వేరే దారి లేదు, తూటా దిగని బండి వేరే లేదు. నువ్వు ఎలక్ట్రీషియన్ వేషంలో గ్యారేజీకి వెళ్ళు. ఆ రోగమేదో కనిపెట్టు."

"డ్రైవర్ ఎవరు సార్?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "మీ తమ్ముడు. బాబాయ్ తరవాత సీనియర్ అతనే."

గొళ్ళెం తలూపి బయటికి వచ్చాడు.

* * *

గ్యారేజీ చల్లగా, మడ్డి నూనె వాసనతో ఉంది. అతికించిన గడ్డం దురద పెడుతోంది. బండి కింద నుంచి మేస్త్రీ కాళ్ళు కనిపిస్తున్నాయి.

"బండి ఏమంటోంది?" అన్నాడు గొళ్ళెం.

కాళ్ళు కదలడం ఆగింది. "దాహమంటోంది," అని జవాబు వచ్చింది. కోడ్ సరిపోయింది. మేస్త్రీ బయటికి జరిగి, గడ్డం వైపు చూసి నవ్వాడు. "ఆ గడ్డం పక్కకి పోయింది గురూ. సర్దుకో, లేకపోతే కార్బన్ అనుకుని తుడిచేస్తా."

ఇద్దరూ పనిలో దిగారు. ఆ రోజు బండిని వంతెన నుంచి తెచ్చేసరికి బ్యాటరీ సగానికి దిగిపోయి ఉందట. స్టార్టర్ మాడు వాసన వేసిందట. అంటే బాబాయ్ చాలాసేపు తాళం తిప్పాడు. ఇంజన్ తిరిగింది గాని అందుకోలేదు. ప్లగ్గులు పొడిగా ఉన్నాయట. అంటే పెట్రోల్ రాలేదు.

"ట్యాంకులో పెట్రోల్ ఉంది. పంపే తిరగలేదు," అన్నాడు గొళ్ళెం.

"ఇప్పుడు చూడు మరి." మేస్త్రీ తాళం ఒక గడి తిప్పాడు. వెనక ట్యాంకులోంచి పంపు తుమ్మెదలా రొద చేసింది. "బాబాయ్ పోయాక పాడడం మొదలెట్టింది, ముదనష్టపుది!"

ఆఫీసు గొళ్ళేనికి ఎన్నో గాడ్జెట్లు ఇచ్చింది. వాచీలో కెమెరా, బూటు మడమలో కత్తి. ఈ పూట పనికొచ్చింది మాత్రం పెన్నులా కనిపించే టెస్ట్ ల్యాంప్. దాని క్లిప్పు రేకుకి తగిలించి, ముల్లు వైరుకి గుచ్చితే కరెంటు ఉన్నచోట వెలుగుతుంది. ఫ్యూజు దగ్గర గుచ్చాడు, వెలిగింది. పంపుకి కరెంటు వదిలే రిలే దగ్గర వెలిగింది. రిలే కాంటాక్టులు నల్లబడ్డాయని కొత్తది వేశాడు. సీటు కింద చాప ఎత్తి, వైరు పొడవునా చేత్తో లాగి, వంచి, కుదిపి చూశాడు. ల్యాంప్ రెప్ప కూడా వెయ్యలేదు. ఎర్త్ పాయింట్ తుప్పు గీకాడు. ఆఖరున డిక్కీలో పంపు వైరు దగ్గర గుచ్చాడు. నిండుగా వెలిగింది.

డిక్కీ ఎడమ గోడకి చిన్న నల్ల డబ్బా, దాని నెత్తిన ఎర్ర మీట. బండి దేన్నైనా గుద్దితే లోపలి ఉక్కు గోలీ అయస్కాంతం మీంచి ఎగిరిపోయి, పంపుకి కరెంటు తెగిపోతుంది. నిప్పంటుకోకుండా ఆ ఏర్పాటు. అప్పుడు పైకి లేచే మీట నొక్కితే గోలీ మళ్ళీ కూర్చుంటుంది. గొళ్ళెం దాన్నీ చూశాడు. మీట కిందికే ఉంది. గుద్దుకోని బండిలో దానికేం పని అని వదిలేశాడు.

దాని కింద సన్నటి వంకర గీతలున్న వెండి కాయితం ముక్క ఒకటి పడి ఉంది. మధ్యలో గుండ్రంగా కత్తిరించిన చిల్లు. జేబులో వేసుకున్నాడు.

"నిలబడ్డ బండికి ఏ జబ్బూ లేదు," అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.

గొళ్ళేనికి మనసు కుదుటపడలేదు. "రేపు నేనూ ఎక్కుతా," అన్నాడు.

* * *

మర్నాడు ముసురు పట్టింది. తమ్ముడు స్టీరింగ్ దగ్గర కూర్చుని అద్దంలో క్రాఫు సరిచేసుకుంటున్నాడు. గుమాస్తా ముందు సీటు కింద ముడుచుకుని దుప్పటి కప్పుకున్నాడు. వెనక సీట్లో గొళ్ళెం, పక్కన మఖమల్.

మఖమల్ ఆవిడ కోడ్ పేరు. ముఠాలో ఉంటూ ఆఫీసుకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. బూడిదరంగు సిల్కు కోటు, నల్ల చేతిసంచీ, ఎవరైనా రెండోసారి తిరిగి చూసే కళ్ళు. గుమాస్తాని ఒప్పించి తెచ్చింది ఆవిడే. ఆవిడ పక్కనుంటేనే కదులుతానన్నాడు వాడు. అంతకుముందు బాబాయ్ బండిలోనూ ఆవిడ తిరిగింది.

"రోగం దొరికిందా?" అని అడిగింది.

"రిలే మార్చాను."

"అయితే భయం లేదు." ఆ మాట ఆవిడ తనకే చెప్పుకున్నట్టుంది.

"భయమెందుకండీ," అన్నాడు తమ్ముడు ముందు నుంచి. "మా అన్నయ్య పెళ్ళికూతురు వాళ్ళింటికి వెళ్తే కూడా ముందు వాళ్ళ ఫ్యూజులు చూశాడు. తరవాతే పిల్లని చూశాడు."

"రోడ్డు చూడు," అన్నాడు గొళ్ళెం.

ఊరి గుంటల్లో బండి బాగానే నడిచింది. వంతెన కనిపించింది. పాత ఇనుప వంతెన, మొదట్లో ఎగువ వాలు. వాలు మధ్యలో రెండు ఇనుప పలకల అతుకు మెట్టులా లేచి ఉంటుంది. మఖమల్ సంచీలోంచి సిగరెట్ పెట్టె తీసింది. మూత తెరిచింది. లోపలి వెండి కాయితం మీద సన్నటి వంకర గీతలు.

గొళ్ళెం చెయ్యి జేబులోకి వెళ్ళింది. అవే గీతలు. గుండ్రటి చిల్లు. గోలీ పట్టేంత చిల్లు.

తుళ్ళి లేచాడు. "తమ్ముడూ, ఆ..."

ముందు చక్రం అతుకు మీద దభీమని పడింది. ఇంజన్ చచ్చిపోయింది.

తమ్ముడు తాళం తిప్పాడు. స్టార్టర్ గిరగిరా తిరిగింది. వెనక ట్యాంకులో పంపు రొద లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు.

నిలబడ్డ బండికి ఏ జబ్బూ లేదు. జబ్బంతా దెబ్బలో ఉంది. కత్తిరించిన వెండి కాయితం మడత అయస్కాంతానికీ గోలీకీ మధ్య ఉంది. అయస్కాంతం పట్టు సగం పోయింది. ఊరి గుంటలకి గోలీ నిలుస్తుంది, ఈ అతుకు దెబ్బకి నిలవదు. చంపినవాళ్ళు మీట నొక్కేసి వెళ్ళిపోతే ఆనవాలే మిగలదు.

తమ్ముడి చెయ్యి తలుపు గడి మీదికి పోయింది. ఆలోచించి కాదు. బండి ఆగితే ఏ డ్రైవర్ చెయ్యయినా అటే పోతుంది.

గొళ్ళెం వెనక నుంచి వాడి కాలరు పట్టి లాగాడు. "దిగితే చంపేస్తా!"

"చూసొస్తా అన్నయ్యా, ఒక్క..."

"బాబాయ్ కూడా అలాగే దిగాడు!"

తమ్ముడి మొహం తెల్లబోయింది. వంతెన అవతలి చివర నుంచి రోడ్డు పనివాళ్ళ బట్టల్లో ఇద్దరు తీరిగ్గా నడిచి వస్తున్నారు. తలుపు తెరుచుకోకపోవడం చూసి అడుగు పెంచారు. చేతుల్లో పెట్రోల్ డబ్బాలు. రేకుకి తూటా దిగదు గాని, నిప్పుకి ఆ పట్టింపు లేదు.

మఖమల్ చేతిలో పిస్తోలు ఉంది. అది ఎప్పుడు బయటికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆపుతామన్నారంతే," అంది ఆవిడ. "చంపుతామని అనలేదు. నా తమ్ముణ్ణి పట్టుకుని ఉన్నారు. ఈసారి ఆగకపోతే వాణ్ణి..."

గొళ్ళెం ఆవిడని ఒక్క క్షణం చూశాడు. తరవాత ఆవిడకి వీపు తిప్పి, సీటు వెనక పలక ఊడబెరికి, రెండు చేతులూ డిక్కీలోకి దూర్చాడు.

"అన్నయ్యా! పిస్తోలు!"

"తెలుసు. నేను చెప్పినప్పుడు తిప్పు."

మీట నొక్కాడు. పైకి తన్నింది. మళ్ళీ నొక్కాడు. వాలు మీద గోలీ కూర్చోవడం లేదు. బయట అద్దం మీద పెట్రోల్ ధారగా కారింది. లోపలికి వాసన కొట్టింది. సీటు కింద గుమాస్తా ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తున్నాడు.

గొళ్ళెం డబ్బాలోంచి రెండు వైర్లూ పీకేశాడు. పళ్ళతో తోలు ఒలిచాడు. రాగి పోగులు పెదవి కోశాయి. వీపు మీద ఎక్కడో ఒక చోట చల్లగా అనిపించింది, తూటా దిగబోయే చోటు ముందే చల్లబడినట్టు. వైర్లు రెండూ కలిపి మెలిపెట్టాడు. చిటుక్కున నిప్పురవ్వ.

వెనక పంపు రొద చేసింది.

"తిప్పు!"

బయట అగ్గిపుల్ల వెలిగింది. ఇంజన్ అందుకుంది. బండి ముందుకి దూకింది. ఒకడు డబ్బాతో సహా పక్కకి ఎగిరి పడ్డాడు. అగ్గిపుల్ల ఒలికిన పెట్రోల్ మీద పడి, బండి వదిలిన చోట మంట లేచింది. అవతలి ఒడ్డున కాచుకున్న ఆఫీసు జీపు వాళ్ళ మీదికి వచ్చేసింది.

పిస్తోలు పేలలేదు. మఖమల్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మంట వైపు చూస్తూ కూర్చుంది. "ఇంక వాడు లేనట్టే," అంది.

సీటు కింద దుప్పటి కదిలింది. "రంగుల కొట్టు వెనక గోడౌన్," అన్నాడు గుమాస్తా. "పట్టుకున్నవాళ్ళని అక్కడే ఉంచుతారు. మొన్నటిదాకా బతికే ఉన్నాడు."

* * *

ఆఫీసు వరండాలో బల్ల మీద మఖమల్ కూర్చుని ఉంది. తలుపు దగ్గర కాపలా. గోడౌన్‌కి వెళ్ళినవాళ్ళ నుంచి ఫోను ఇంకా రాలేదు. గొళ్ళెం వచ్చి బల్లకి ఇటు చివర కూర్చున్నాడు. పెదవి వాచింది.

"వీపు ఎందుకు తిప్పారు?" అని అడిగింది.

"చేతులు రెండే ఉన్నాయి."

ఆవిడ అతని వాచిన పెదవి వైపు చూసింది. తరవాత, "బాబాయ్ గారు నాకు ముందు సీటు ఇచ్చేవారు. వెనక కుదుపు ఎక్కువమ్మా అని," అంది.



ఫోను మోగింది. పెద్దాయన బయటికి వచ్చాడు. "దొరికాడు. చెయ్యి విరగ్గొట్టారు. ప్రాణం ఉంది." ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. పెద్దాయన ఆవిడ లేచేదాకా ఆగాడు. "ఇంక పదమ్మా. బాబాయ్ సంగతి మాట్లాడాలి." ఆవిడ కోటు సర్దుకుని ఆయన వెంట నడిచింది. వెనక్కి చూడలేదు.

మేస్త్రీ బండికి కొత్త స్విచ్చి వేశాడు. మెలిపెట్టిన వైరు ముక్కని గ్యారేజీ గోడకి, బాబాయ్ టోపీ తగిలించే మేకుకే వేలాడదీశాడు.

తమ్ముడు ఇప్పటికీ అదే బండి నడుపుతున్నాడు. కాకపోతే ఆ రోజు నుంచి బండి ఆగితే దిగడం మానేశాడు. ఇంటి ముందు ఆగినా సరే, పెళ్ళాం వచ్చి అటూ ఇటూ చూసి, తలుపు తీసి, "దిగవయ్యా మగడా" అంటే గాని దిగడు.