నడుమెత్తు గుహ

సంచిలో ఉండవలసిన ముప్పై మూరల తాడు లేదు.

సత్యవేణి సంచిని మంచుమీద బోర్లించింది. రొట్టెలు, టార్చి, మంచుగొడ్డలి, తండ్రి గీసిన పటం జారిపడ్డాయి. తాడు మాత్రం పడలేదు.

"నా చేత్తో నేనే పెట్టాను!"

"పెడితే ఉండాల కదప్పా" అన్నాడు పైడిరాజు. ఆమె చిన్నాన్న కొడుకు, తమ్ముడి వరస. శ్రీకాకుళంలో అంబులెన్సు నడిపే ఆరడుగుల మనిషి.

"తాడు లేకుండా ఈ కొండ ఎక్కకూడదు. దిగిపోదాం పదండి" అన్నాడు లోకనాథం. సత్యవేణి తండ్రి కూర్మారావుతో కలిసి సైన్యం పర్వతదళంలో పనిచేసినవాడు. తరవాత ఉత్తరాదిన ఈ మంచుకొండల్లోనే స్థిరపడి, స్కీయింగుకు వచ్చేవాళ్ళకు కాళ్ళకు కట్టుకుని మంచుమీద జారే పలకలు అద్దెకిస్తున్నాడు. 'సీజన్లో జనం తొక్కిడి. మే నెలలో రండి, నేనే దారి చూపిస్తాను' అని ఉత్తరం రాసిందీ ఆయనే.

"దిగేది లేదు మావా" అంది సత్యవేణి.

ఎలా దిగుతుంది? ముప్పై రెండేళ్ళ కిందట ఒక ఫిబ్రవరిలో, మంచు విరిగిపడుతుందన్న భయంతో శిబిరాన్ని ఖాళీ చేస్తూ, దళానికి బహుమతిగా వచ్చిన వెండి కలశాన్ని కూర్మారావు ఈ కొండమీద ఒక గుహలో దాచాడు. దిగే దారిలో మంచు కింద పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఆసుపత్రి మంచంమీద గీసిచ్చిన పటం పట్టుకుని మే నెలలో జట్టు వెళ్తే, అక్కడ గుహే కనబడలేదు. 'దొంగ' అని రాసి ఇంటికి పంపేశారు. కిందటేడు కన్నుమూసేదాకా ఆ మాట ఆయన్ని వదల్లేదు. వచ్చేవారం కొత్త లిఫ్టు స్తంభం కోసం ఇక్కడి బండల్ని పేల్చబోతున్నారు. ఆలోగా కలశం దొరక్కపోతే ఆ మాట ఇంకెన్నటికీ చెరగదు.

నడక మళ్ళీ మొదలయింది. కొండ వాళ్ళతో కక్షగట్టినట్టే ఉంది. ఎండకు కుళ్ళిన మంచు మోకాళ్ళ దాకా దిగబడుతోంది. మంచు లేనిచోట బురద. ఆగిపోయిన లిఫ్టు కుర్చీలు నెత్తిమీద కిర్రుకిర్రుమంటూ వెక్కిరిస్తున్నాయి.

"తల దించుకుని నడవండి! జారిపోతారు!" లోకనాథం వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

"మావా, నిన్నటికన్నా లావయ్యావేటి?" అన్నాడు పైడిరాజు.

"సలిరా ఎదవా! రెండు స్వెట్టర్లేసుకున్నాను."

తొమ్మిదో స్తంభం. అక్కణ్ణుంచి ఉత్తరానికి ముప్పై అడుగులు. ఎదురుగా నిటారుగా నల్లబండ. 'గుహ నోరు నడుమెత్తున' అని పటంలో తండ్రి రాత. సత్యవేణి బండను నడుమెత్తున ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమింది, గొడ్డలితో కొట్టింది. ఇది మూడో రోజు. బండ ఖణ్, ఖణ్ మంది తప్ప పగులైనా చూపలేదు.

గొడ్డలి విసిరికొట్టింది. "ఏం రాశావు నాన్నా! ఎక్కడుంది నడుమెత్తున!"

"ఇంక సాలు తల్లీ" అన్నాడు లోకనాథం. "మీ నాన్న జ్వరంలో గీసుంటాడు."

పైడిరాజు ఆ దగ్గర్లో ఉన్న లిఫ్టు కాపలావాడి చెక్కగది వైపు చూస్తూ నవ్వాడు. "అప్పా, ఈ మేస్త్రి ఎవుడోగానీ, కింద ఒక తలుపెట్టాడు, పైన గాల్లో ఇంకోటెట్టాడు. మెట్లు కట్టడం మర్సిపోయాడు!"

సత్యవేణి గాలిలో ఉన్న ఆ తలుపును చూసింది. మెట్లెందుకు? చలికాలంలో మంచు అక్కడిదాకా పేరుకుంటుంది. అప్పుడదే వీధిగుమ్మం.

తండ్రి వచ్చింది ఫిబ్రవరిలో! ఆయన నిలబడింది పది అడుగుల మంచుమీద!

గబుక్కున తలెత్తింది. నెత్తిమీద ఎంతో ఎత్తున, బండలో నల్లటి నోరు.

"పైడీ! భుజాలియ్యి!"

"వొద్దు! రాళ్ళు పడతాయి!" లోకనాథం అరుపు ఆమె వినిపించుకోలేదు. విసిరిన గొడ్డలి ఏరుకుని, తమ్ముడి భుజాలమీద నిలబడి, దాన్ని అంచుకు తగిలించి, మోచేతులు చీరుకుపోతున్నా లోపలికి పాకింది.

అప్పుడే కొండ గర్జించింది.

"మంచు! మంచు విరిగింది!" పైడిరాజు కేక. పైవాలునుంచి తెల్లటి గోడ పొగలు కక్కుతూ దిగుతోంది. సత్యవేణి చెయ్యి చాపింది. అందలేదు. తాడుంటే! ఒక్క తాడుంటే!

లోకనాథం కోటు గుండీలు పటపటా తెంపుకున్నాడు. నడుముకు చుట్టలు చుట్టుకున్న నైలాన్ తాడును గిరగిరా విప్పి పైకి విసిరాడు. "కట్టు! ఏగిరం కట్టు!"

ఆశ్చర్యపోవడానికి వ్యవధి లేదు. సత్యవేణి తాడును లోపలి రాతికొమ్ముకు బిగించింది. పైడిరాజు ఎగబాకాడు. ఇద్దరూ కలిసి ముసలాయన్ని లాగారు. ఆయన కాళ్ళు అంచు దాటాయో లేదో, కింద మంచు ప్రవాహం హోరున దూసుకుపోయింది.

హోరు అణిగింది. టార్చి వెలుగులో, గుహ మూల పచ్చకంబళి మూట. సత్యవేణి విప్పింది. నల్లబడిన వెండి కలశం. రెండు చేతులా గుండెకు హత్తుకుంది. తరవాత తాడువైపు, ముసలాయన వైపు చూసింది.

"తాడు నీ నడుముకెలా వచ్చింది మావా?"

లోకనాథం తాడు కొసను చేతిలోకి తీసుకున్నాడు.

"నానే తీసాను తల్లీ. తాడుంటే ఎక్కడెక్కేస్తావో అని. ఆ రోజుల్లో దళంలో కాళీ ఉన్నది స్కీ నేర్పే మాస్టరు ఉజ్జోగం ఒక్కటే. మీ నాన్న నాకన్నా బాగా స్కీ సేసేవోడు, కాళ్ళు అతుక్కుంటే అది ఆయనకే. ఆ మే నెల్లో ఎతికే జట్టుకి ముందు నడిసింది నానే. బండ దగ్గరికి రాగానే ఈ బొక్క కనిపించింది. ఊరుకున్నాను. ఉజ్జోగం నాకొచ్చింది. జట్టులో ఒక్కడు తలెత్తినా సూసేవోడే. 'తల దించుకుని నడవండి, జారిపోతారు' అని ఆ రోజు కేకలేసింది నానే తల్లీ. మూడు రోజులనుంచీ మీకూ అదే సెప్తన్నాను."