ఖాళీ కుర్చీలో గుండె

ముందురోజు కంటినిండా నిద్రపోవాలి. పొద్దున కాఫీ తాగకూడదు. మెట్లెక్కి వచ్చాక పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. బెల్టు తడిపి గుండెకు ఆనేలా బిగించుకోవాలి. ఐదు నిమిషాలు మాట్లాడకూడదు, నవ్వకూడదు, బెంగ పెట్టుకోకూడదు.

ఆ చీటీ రాసి గోడకు అంటించింది నాకు పని నేర్పిన పెద్దాయన. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ని నేను. మా గుండె పరీక్షల ల్యాబులో ఆయన మాటే నాకు వేదవాక్కు.

"గుండె గడియారం కాదురా అబ్బాయ్. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం మారుతూ ఉండాలి. నిద్ర, ఊపిరి, కాఫీ, బెంగ... అన్నీ ఆ ఎడంలో బయటపడతాయి. ఎడం బిగుసుకుపోయిందా, మనిషి దేనికో భయపడుతున్నట్టే" అనేవాడు.

రోజూ పొద్దున్నే బెల్టు తనే కట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మిషన్ సరిచూసేవాడు. పోయిన నెల ఆయన పోయాడు. ఆ పని నాకొచ్చింది.

రోజూ మా ల్యాబు ముందునుంచే బడికి వెళ్లే టీచరమ్మ పరీక్షకు మొదటిసారి వచ్చినప్పుడు ఎడంలో మార్పు బాగా తక్కువ వచ్చింది. ఆమె తండ్రి గుండెజబ్బుతోనే పోయాడట. వారం తిరిగాక, వాన పడుతున్న పొద్దున మళ్లీ వచ్చింది.

"మీ చీటీ కంఠతా వచ్చేసిందండీ. అప్పజెప్పమంటారా?"

"మాట్లాడకూడదు."

"నవ్వొచ్చా?"

"అదీ కూడదు."

"మీరు నవ్వుతున్నారుగా!"

ఐదు నిమిషాలయ్యాయి. మళ్లీ అదే ఫలితం. ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది తేలేదాకా పెళ్లిమాట ఎత్తొద్దని అమ్మకి చెప్పాను. ఇంక ఎత్తక్కర్లేదేమో" అంటూ పరదా వెనక్కి వెళ్లి, బెల్టు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టింది.

స్క్రీన్ మీద గీత ఆగలేదు.

ఆమె బెల్టు నా చేతిలో ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. బయట వాన కూడా ఒక్కక్షణం ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

"ఎవరిదండీ అది?" గొంతు తగ్గించి అడిగింది.

"ఆ కుర్చీ... పోయిన మా పెద్దాయనది."

భయంతో ఆమె నా వైపు ఒక అడుగు వేసింది. గీత ఎగిరెగిరి పడింది. వెనక్కి జరిగింది. నెమ్మదించింది. మళ్లీ దగ్గరకొచ్చింది. మళ్లీ ఎగిరింది.

"మీ పెద్దాయనకి నన్ను చూస్తే ఇంత కంగారేంటండీ?"

నా చెయ్యి దానంతటదే నా గుండె మీదికి పోయింది. చొక్కా కింద బెల్టు.

"పెద్దాయన కాదండీ, నేను. పొద్దున మిషన్ చూసుకుని విప్పడం మరిచాను. తీగలు లేని మిషన్ కదా, ముందు దొరికిన బెల్టు సిగ్నల్నే పట్టుకుంటుంది. పోయిన వారమూ ఇంతే... లిస్టులో మొదటి పేరు మీది కనబడితే నాకేదీ గుర్తుండదు. ఆ రెండు రిపోర్టులూ నావి. మిమ్మల్ని వారం రోజులు ఏడిపించాను. తప్పు నాదేనని పైవాళ్లకి రాసిస్తాను."

ఆమె స్క్రీన్ వైపు చూసి, నా వైపు తిరిగింది.

"మరి మీకేంటి అంత భయం?"

"మీరు మళ్లీ రారేమోనని."

నా బెల్టు విప్పి ఆ కుర్చీలో పెట్టాను. గీత చదునైపోయింది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి, తీరిగ్గా లేచి పడింది.

"తడి ఆరలేదేమో" అంది ఆమె, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"అంతే అయ్యుంటుంది" అన్నాను.

ఆ పూటే ఆమె గుండె సరిగ్గా కొలిచాను. ఏ బెంగా లేని గుండె. సాయంత్రానికల్లా వాళ్లింట్లో మా ఇద్దరి పెళ్లిమాట ఎత్తారు. ఎత్తించింది ఆమే.

ఆ కుర్చీని మేం కదపలేదు. మీకెప్పుడైనా కారణం లేకుండా గుండె ఝల్లుమంటే, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మా పెద్దాయన్ని ఒక్కసారి తలుచుకోండి.